మెట్ల మీద బూట్ల చప్పుడు

తార్మో కతాయా బరువులెత్తడం మొదలుపెట్టింది ఉద్యోగం కోసమే. మా ఊరి ఫైర్ స్టేషన్ చిన్నది. షిఫ్టుకు ఐదుగురికి మించి ఉండరు. చేరిన కొత్తలో ఒక రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన కారు తలుపు లాగలేక, ఇంకొకరు వచ్చి లాగేదాకా చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆ వారంలోనే పాత పాలకేంద్రం కింద నేలమాళిగలో రెయినో నడిపే జిమ్‌లో చేరాడు.

రెయినో ఒకప్పుడు దేశం తరఫున బరువులెత్తి వచ్చిన మనిషి. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. మాటలు తక్కువ. కొత్తగా వచ్చినవాడిని ముందు నేల మీది బార్‌ను వంగి పట్టుకుని నడుం దాకా లేపమంటాడు. దాన్నే డెడ్‌లిఫ్ట్ అంటారు. తార్మో లేపిన తీరు చూసి, "నీ వీపు దీని కోసమే పుట్టింది" అన్నాడు. ఆ మాట తార్మో మనసులో దిగిపోయింది. అప్పటిదాకా అతన్ని చూసి, ఫలానాదాని కోసమే పుట్టావని ఎవరూ అనలేదు.

కొన్నేళ్లలో బలం నిజంగానే వచ్చింది. పొలాల మధ్య కాలువలో బోల్తాపడిన ట్రాక్టర్ కింద ఒక రైతు కాలు ఇరుక్కుంటే, జాకీ సర్దేలోపు ట్రాక్టర్ అంచును తార్మో భుజంతో పైకెత్తి పట్టుకున్నాడు. అది స్థానిక పత్రికలో ఫొటోతో సహా వచ్చింది. రెండొందల యాభై కిలోలు లేపాడు, తర్వాత రెండొందల ఎనభై. ఇక మూడొందలు తప్ప ఇంకేమీ కనబడలేదు. మూడొందలు లేపాలంటే ఒళ్లు పెరగాలి, ఒళ్లు పెరగాలంటే తినాలి. "బార్ మీద ప్లేట్లు పెరగాలంటే బల్ల మీద ప్లేట్లు పెరగాలి కదా" అని స్టేషన్‌లో నవ్వుతూ అనేవాడు. పొద్దున్నే వెన్న వేసిన ఓట్స్ జావ, అరడజను గుడ్లు. మధ్యాహ్నం అందరికీ చేసిన చేపల సూప్‌లో సగం, దాంతోపాటు రై అనే ధాన్యంతో చేసిన నల్ల రొట్టె సగం. సాయంత్రం కాల్చిన సాసేజీలు. పడుకోబోయేముందు గిన్నెడు గట్టి పెరుగు. తొంభై అయిదు కిలోల మనిషి నూట ముప్పై దాటాడు.

అతని భార్య హెతా ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది. మొదట్లో ఆమె కూడా సంబరపడింది. తర్వాత అతని గురక మొదలైంది. గురకను భరించవచ్చుగానీ, మధ్యలో అది ఆగిపోయేది. మళ్లీ ఊపిరి తీసేదాకా తను నిద్రపోకుండా ఎదురుచూడాల్సి వస్తోందని హెతా చెప్పింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, బరువులెత్తే పోటీ అయ్యాక వెళ్దామన్నాడు.

గుర్తులు ఇంకా ఉన్నాయి. వంగి బూట్ల లేసులు కట్టుకుంటే ఆయాసం వస్తోందని లేసులు లేని బూట్లు కొన్నాడు. చర్చి గంట గోపురం తనిఖీకి వెళ్లినప్పుడు సగం మెట్ల దగ్గర ఆగి, జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరు. మిగతావాళ్లు పైకి వెళ్లేదాకా "ఊఁ, ఊఁ" అంటూ నిలబడ్డాడు. పైనుంచి యాలో తొంగిచూసి, ఫోన్‌లో ఎవరు అన్నా అని అడిగితే, హెతా అని చెప్పాడు. యాలో అదే షిఫ్టులో చిన్నవాడు. మంచు మీద స్కీయింగ్ చేసే కుర్రాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. తార్మో అతన్ని అగ్గిపుల్ల అని పిలిచేవాడు. "ఒరే అగ్గిపుల్లా, గాలొస్తోంది, బండి పట్టుకుని నిలబడు" అనేవాడు. యాలో నవ్వేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

ప్రతి వసంతంలోనూ పొగలోకి వెళ్లే ఫైర్‌మన్లందరికీ పరీక్ష ఉంటుంది. నిప్పుకు తట్టుకునే బట్టలు, హెల్మెట్, ముసుగు, వీపున గాలి సిలిండర్ వేసుకుని నడవాలి, మెట్లెక్కి దిగాలి, లారీ టైరును సుత్తితో కొడుతూ జరపాలి, కడ్డీల కింద పాకాలి, చివర నీళ్ల గొట్టం చుట్టాలి. అంతా గడువులో అవ్వాలి. స్టేషన్‌లో ఆ పరీక్ష పెట్టేది ఔతి. తార్మోతో పాటే ఉద్యోగంలో చేరిన మనిషి. పొగలోకి ఎప్పుడూ జంటగానే వెళ్లాలి, అతని జంట ఆమే.

ఆ ఏడు వసంతంలో తార్మో గొట్టం చుట్టడం పూర్తిచేసేసరికి గడువు దాటింది. ముసుగు తీసి గోడకానుకుని కూర్చుండిపోయాడు. ముఖం బీట్‌రూట్ ముక్కలా ఉంది. హాలులో వాళ్లిద్దరే ఉన్నారు.

"చూసీ చూడనట్టు పో, ఔతి," అన్నాడు. "జూన్‌లో పోటీ. అది కాగానే తగ్గిస్తాను. ఒట్టు."

ఔతి చాలాసేపు చేతిలోని గడియారం వంకే చూసింది. తర్వాత గడువు లోపలే అయిందని రాసింది. జూలైలో మళ్లీ పరీక్ష పెడతానని, తప్పించుకోవద్దని చెప్పింది.

జూన్‌లో పోటీ జరిగింది. రెండొందల తొంభై లేచింది. మూడొందలు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఇంత దూరం వచ్చాక ఇప్పుడు తగ్గితే మళ్లీ మొదటికొస్తుంది, ఇంకొక్క పోటీ, అనుకున్నాడు. జూలైలో సెలవు పెట్టి సముద్రం పక్కనున్న తమ వేసవి గుడిసెకు వెళ్లాడు. ఆగస్టులో మోకాలు నొప్పి అన్నాడు. ఔతి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున ఎన్సియో రౌతలా గారి ఇల్లు అంటుకుంది. ఎన్సియో గారు భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న పెద్దాయన. చర్చి గాయక బృందంలో అందరికంటే కింది స్వరం ఆయనదే. ఆయన పాడితే ముందు బెంచీలు అదిరేవని అనేవాళ్లు. ఇల్లు పాతకాలపు చెక్క ఇల్లు. వంటింట్లో మొదలైన మంట గోడల్లోకి పాకింది. ఆయన పై అంతస్తులో ఉన్నాడని పొరుగామె చెప్పింది.

తార్మో, ఔతి లోపలికి వెళ్లారు. కింద గదుల్లో చెయ్యి ముందుకు చాపితే చెయ్యి కనబడడం లేదు. గొట్టం లాగుతూ గోడ పట్టుకుని మెట్ల దగ్గరికి చేరారు. మెట్లు ఇరుగ్గా, నిటారుగా ఉన్నాయి. తార్మో ముందు ఉన్నాడు. అతని భుజాలు రెండు పక్కలా గోడలకు రాసుకుంటున్నాయి. సగం ఎక్కేసరికి తన ఊపిరి తనకే ముసుగులో పెద్దగా వినబడడం మొదలైంది. ఎంత పీల్చినా చాలడం లేదు. పైన నడవాలోకి వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. మొదటి గది వెతికారు. ఖాళీ. రెండో గది వైపు ఔతి తిరిగింది. సరిగ్గా అప్పుడు తార్మో సిలిండర్ ఈల వేసింది.

ఆ ఈల వస్తే గాలి అయిపోవచ్చిందని అర్థం. ఇద్దరికీ ఒకే సైజు సిలిండర్, ఒకేసారి తెరిచారు. ఔతి దాంట్లో ఇంకా సగం ఉంది. కానీ ఒకరి గాలి అయిపోతే ఇద్దరూ బయటికి రావాలి, ఎవరినీ ఒంటరిగా లోపల వదలకూడదు. ఔతి అతని ముసుగు అద్దానికి దగ్గరగా ముఖం పెట్టి చూసింది. ఒక్క క్షణం రెండో గది తలుపు వైపు చూసింది. తర్వాత అతని భుజం పట్టీ పట్టుకుని మెట్ల వైపు లాగింది. దిగేటప్పుడు అతను సగం మెట్లు కూర్చునే దిగాడు. మూడొందల కిలోలు లేపాలనుకున్న మనిషిని, అతనిలో సగం బరువున్న ఆడమనిషి గుమ్మం దాటించింది.

యాలో, అతని జంట లోపలికి పరిగెత్తారు. కాసేపట్లో యాలో ఎన్సియో గారిని భుజాన వేసుకుని దిగాడు. రెండో గదిలో, తలుపు వెనకాలే పడి ఉన్నాడట. ప్రాణం ఉంది.

తార్మో గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. అంబులెన్స్ వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు.

స్టేషన్‌కు తిరిగొచ్చాక చీఫ్ హాపాలా అందరినీ ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఔతి చెప్పింది: తార్మో గాలి అయిపోయింది, పద్ధతి ప్రకారం బయటికొచ్చాం. అందులో అబద్ధమేమీ లేదు. మగవాళ్లందరూ స్టేషన్ సౌనాలో, అంటే వేడిరాళ్ల ఆవిరి గదిలో కూర్చుని మసి వదలగొట్టుకున్నారు. ఎప్పుడూ అక్కడ జోకులు పేలేవి. ఆ రోజు రాళ్ల మీద నీళ్లు చల్లిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. తార్మో తన పొట్టను తువ్వాలుతో కప్పుకుని, మిగతావాళ్లకంటే ముందే లేచి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు.

పత్రికలో వార్త వచ్చింది. ఫైర్‌మన్లు వృద్ధుణ్ణి కాపాడారని రాశారు, పేర్లు వెయ్యలేదు. పేరు ఊరే పెట్టుకుంది. ట్రాక్టర్ ఎత్తినవాడు కాకపోతే ఇంకెవరు మోసుకొస్తారు? దుకాణంలో డబ్బులు తీసుకునే అమ్మాయి చేతులు జోడించినంత పని చేసింది. పక్కింటాయన కంచె అవతలినుంచి వచ్చి భుజం తట్టాడు. తార్మో "నేను కాదు, మావాళ్లు తెచ్చారు" అన్నాడు. పక్కింటాయన నవ్వి, నీలాంటివాళ్లు ఇలాగే అంటారులే అన్నాడు. ఇంకోసారి చెప్పబోయాడు. చెప్పకుండానే ఇంట్లోకి వెళ్లిపోయాడు. మూడో మనిషి అన్నప్పుడు ఊరికే తలూపాడు.

నవంబర్ మొదట్లో ఎన్సియో గారు ఆసుపత్రి నుంచి వచ్చి స్టేషన్‌కు వచ్చాడు. పొగబెట్టి కాల్చిన చేపను కాగితంలో చుట్టి పట్టుకొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. గొంతులో ఇసుక పోసినట్టు మాట గరగరలాడుతోంది. ప్రతి నాలుగు మాటలకూ ఆగి గాలి తీసుకుంటున్నాడు. అందరూ కాఫీ బల్ల దగ్గర ఉన్నారు. పెద్దాయన ఒకసారి కలయజూసి, అందరిలోకీ పెద్ద ఒళ్లున్న మనిషి దగ్గరికి నేరుగా వెళ్లాడు. తార్మో రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాకు కనబడలేదు అప్పుడు," అన్నాడు. "కానీ నన్ను ఎత్తిన చేతులు ఎలాంటివో తెలుసు. దేవుడు నీకు ఆ బలం ఊరికే ఇవ్వలేదు, అబ్బాయ్."

తార్మో నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. అతనికి ఎదురుగా యాలో కాఫీ కూజా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఆగి, పెద్దాయన కోసం కుర్చీ లాగి, కప్పులో కాఫీ పోసి, యాలకుల బన్ను ముందు పెట్టాడు. ఔతి లేచి ఇంజన్లు పెట్టే షెడ్డులోకి వెళ్లిపోయింది.

ఎన్సియో గారు వెళ్లాక తార్మో ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె గొట్టాలు సర్దుతోంది, తల తిప్పలేదు.

"ఆ చేప ఇంటికి పట్టుకెళ్తావా?" అని అడిగింది.

తార్మో వంగి ఒక గొట్టం చివర అందుకున్నాడు.

"వసంతంలో నేను రాసింది అబద్ధం. రేపు హాపాలాకు చెప్తాను."

"నేను అడిగితేనే కదా రాశావు. నేను చెప్తాలే. నీ పేరు ఎందుకు?"

"రాసిన చెయ్యి నాది. ఆ రోజు నిన్ను లాక్కుని దిగుతుంటే నాకు నీ మీద కోపం రాలేదు, తార్మో. నా మీద వచ్చింది. లోపల పెద్దాయన ఉన్నాడని తెలిసి వెనక్కి తిరిగాను. తిరగాల్సిందే. కానీ అసలు నిన్ను ఆ తలుపు దాకా రానిచ్చింది నేనే."

మర్నాడు ఇద్దరూ హాపాలా ముందు నిలబడ్డారు. హాపాలా కేకలెయ్యలేదు. విన్నాక కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తార్మోను పొగలోకి పంపడం ఆపేసి, బండి నడపడానికీ పంపు చూసుకోవడానికీ వేశాడు. అది తార్మో ఊహించిందే. ఔతికి లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, పరీక్షలు పెట్టే పని ఆమె నుంచి తీసేశాడు. ఆ పనంటే ఆమెకు ఎంత ఇష్టమో తార్మోకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లందరినీ తయారుచేసింది ఆమే. తన శిక్ష కంటే అదే అతన్ని ఎక్కువ కాల్చింది.

ఆ రోజు నుంచి తినడం మానేశాడు. పూర్తిగా కాదు, దాదాపు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఎండు రొట్టె ముక్క, రాత్రి ఒక ఆపిల్. వాన పడుతున్నా సముద్రం ఒడ్డున పరిగెత్తాడు. చీలమండలు వాచాయి. అయినా జిమ్ మానలేదు. బరువు తగ్గినా బలం తగ్గకూడదు, అదొక్కటే తన దగ్గర మిగిలింది అనుకున్నాడు. తిండిలేని ఒంటితో పాత బరువులే ఎత్తబోయేవాడు. హెతా వండిపెట్టిన బంగాళదుంపలు, మాంసం ముందు పెట్టుకుని కదపకుండా లేచిపోయేవాడు. ఇది తగ్గడం కాదు, నిన్ను నువ్వు కొట్టుకోవడం అని ఆమె అంది. అతను వినలేదు.

ఒక సాయంత్రం జిమ్‌లో రెండొందల నలభై కిలోలు నడుం దాకా తెచ్చాడు. నిటారుగా నిలబడ్డాడు. అంతే, కళ్లు చీకట్లు కమ్మి బార్‌తో సహా కూలిపోయాడు. అదృష్టం కొద్దీ వెనక్కి పడ్డాడు. తెలివొచ్చేసరికి ముక్కులోంచి రక్తం కారుతోంది. రెయినో పక్కన మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డ పట్టుకుని ఉన్నాడు. మిగతావాళ్లను అప్పటికే బయటికి పంపేశాడు.

పెద్దాయనను నువ్వే మోసుకొచ్చావని ఊళ్లో విన్నది నిజమేనా అని రెయినో అడిగాడు. తార్మో మొత్తం చెప్పాడు. మెట్ల దగ్గర దొంగ ఫోన్ మాట కూడా. హెతాకు కూడా చెప్పని సంగతి అది. చెబుతున్నంతసేపూ ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

రెయినో లేచి బార్‌ను పక్కకు దొర్లించాడు. "నీ వీపు చూశాను. నీ కాళ్లు చూశాను. నీ ఊపిరి వైపు ఎప్పుడూ చూడలేదు," అన్నాడు చివరికి. "ఒరే, నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావో నాకు మొదటి రోజే చెప్పావు. మూడొందలు అంటుంటే నాకూ ముచ్చటేసింది. నా జిమ్‌లో మూడొందలు లేపినవాడు లేడు. అందుకని నీ పొట్ట చూసి కూడా ఊరుకున్నాను."

ఆ తర్వాత అతను చెప్పినవన్నీ మామూలు మాటలే. బలం వదులుకోనక్కర్లేదు. కానీ ఒళ్లు పెంచుకుంటూ బలం పెంచడం పోటీలకు, ఉద్యోగానికి కాదు. ఇప్పుడు చేసేది ఇంకా తప్పు, ఆకలితో కొవ్వుకంటే ముందు కండ పోతుంది, గుండె అలిసిపోతుంది. చేప, మాంసం, గుడ్లు, పెరుగు మానొద్దు, బంగాళదుంపలు కూడా. వెన్న, సాసేజీలు, రెండోసారి వడ్డించుకోవడం, పడుకునేముందు గిన్నె, ఇవి చాలు మానడానికి. బార్ మీద బరువు సగానికి దించి, బాగా లేపు. మిగతా రోజుల్లో నడువు, పరిగెత్తకు. నెలకు రెండు కిలోలు తగ్గితే ఎక్కువ. నడుం దగ్గర బెల్టు చెప్తుంది, మెట్ల మీద ఊపిరి చెప్తుంది.

"ఇంత నెమ్మదిగానా?" అన్నాడు తార్మో.

"తొందర ఎవరి కోసం? నీకు తగ్గడం కావాలా, శిక్ష కావాలా?"

హెతా అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపోటు చూసి డాక్టరు రెండోసారి కొలిచింది. నిద్రలో ఊపిరి ఆగకుండా ముఖానికి పెట్టుకునే యంత్రం ఇచ్చారు. జిమ్‌లో మొదటి వారం అన్నిటికంటే కష్టంగా గడిచింది. కుర్రాళ్లు చూస్తుండగా తన చేత్తోనే బార్ నుంచి ప్లేట్లు తీసి స్టాండుకు తగిలించాలి. అందులో ఒకడు, జబ్బు చేసిందా అన్నా అని మంచిమనసుతోనే అడిగాడు. లేదు, ఒళ్లు తగ్గిస్తున్నానని చెప్పాడు. ఆ చిన్న మాట చెప్పడానికే చెవులు ఎర్రబడ్డాయి.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా హెతా ఒక సంగతి చెప్పింది. ఎన్సియో గారు లైబ్రరీకి వచ్చి, అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని, నీ మొగుడి వల్లే బతికున్నాను తల్లీ అన్నాడట. హెతా ఏం చెప్పాలో తెలియక పుస్తకాల వెనక్కి వెళ్లిపోయిందట.

"ఇంకా ఆయనకు చెప్పలేదా నువ్వు?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. అతనికి ఆమె వంక చూడడం కష్టమైంది. చీఫ్‌కు చెప్పాడు, రెయినోకు చెప్పాడు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఇప్పుడు హెతా కూడా దాక్కోవాల్సి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాడు. ఎన్సియో గారి ఇల్లు ఇక ఉండడానికి పనికిరాదు. చర్చి వెనక ఒక అద్దె ఫ్లాటులో ఉంటున్నాడు. తలుపు తీసి తార్మోను చూడగానే ముఖం వెలిగింది. కాఫీ పెట్టబోయాడు. తార్మో కోటు విప్పకుండానే, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"ఎన్సియో గారూ, మిమ్మల్ని మోసుకొచ్చింది నేను కాదు. యాలో. ఆ రోజు స్టేషన్‌లో మీకు కాఫీ పోసిన సన్నటి కుర్రాడు. నేను మీ గది దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నా గాలి అయిపోయింది. ఒళ్లు పెంచుకుని ఊపిరి పోగొట్టుకున్నాను. నా వల్ల నా జంట కూడా తిరగాల్సి వచ్చింది. మీరు థ్యాంక్స్ చెప్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

ఎన్సియో గారు కాఫీ డబ్బా చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు.

"నాకు చప్పుడు వినబడింది," అన్నాడు. మధ్యలో ఆగి గాలి తీసుకున్నాడు. "తలుపు వెనక పడున్నాను. మెట్ల మీద బూట్లు వినబడ్డాయి. పైకొచ్చాయి. నడవాలో తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాను. తలుపు మీద కొట్టాను కూడా, చెయ్యి లేచినంత. తర్వాత ఆ బూట్లు కిందికి వెళ్లిపోయాయి." మళ్లీ ఆగాడు. "నేను కలగన్నాననుకున్నాను ఇన్నాళ్లూ. అది నువ్వేనా?"

"నేనే."

గదిలో చాలాసేపు ఆ పెద్దాయన ఊపిరి చప్పుడే ఉంది. తార్మో తల వంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండుననుకున్నాడు. పెద్దాయన తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ కుర్రాడి పేరేమన్నావు?" అని అడిగాడు.

"యాలో."

"చేప వాడికి ఇవ్వాల్సింది."

"వాడికే ఇచ్చాను. ఆ రోజే."

ఎన్సియో గారు తలూపాడు. ఇక వెళ్లమన్నట్టుగా చెయ్యి కదిపాడు. తార్మో మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తలుపు మీద కొట్టిన చప్పుడు తనకు వినబడిందా లేదా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ముసుగులో తన ఊపిరి తప్ప ఇంకేం వినబడలేదు. అది నిజం. ఆ నిజం అతనికి ఏమాత్రం ఊరట ఇవ్వలేదు.

ఆదివారం చర్చిలో ఎన్సియో గారు యాలో చెయ్యి పట్టుకోవడం ఊరంతా చూసింది. సోమవారానికి దుకాణంలో తార్మోను చూసే చూపు మారింది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్లో అలాంటివి ఎవరూ అనరు. పక్కింటాయన కంచె దగ్గరికి రావడం తగ్గించాడు. తార్మోకు అది న్యాయంగానే తోచింది. యాలోను మాత్రం స్టేషన్ పెరట్లో పక్కకు పిలిచి, ఇకమీదట నిన్ను పేరుతోనే పిలుస్తాను అన్నాడు. యాలో ఇబ్బందిపడి, "అగ్గిపుల్ల అంటే నాకేం కోపం లేదన్నా" అన్నాడు. కోపం రాకపోవడం వేరు, అన్నాడు తార్మో, నేను అనడం వేరు.

జనవరిలో ఎన్సియో గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులకు రోజూ నడవమన్నారట డాక్టర్లు. మంచులో ఒంటరిగా వెళ్లడానికి భయంగా ఉందట. "నువ్వూ నడుస్తున్నావని నీ భార్య చెప్పింది. నువ్వు మెల్లగా నడుస్తావట కదా," అన్నాడు. ఎగతాళో కాదో తార్మోకు తెలియలేదు. మర్నాడు వెళ్లాడు. డ్యూటీ లేని రోజుల్లో ఇద్దరూ ఓడరేవు దారి పట్టేవాళ్లు. మాటలు తక్కువ. ఎన్సియో గారు ఆగినచోటల్లా తార్మో ఆగేవాడు.

వసంతంలో పరీక్షకు దిగాడు. పన్నెండు కిలోలు తగ్గాడు. అయినా కొద్దిలో తప్పాడు. పరీక్ష పెట్టిన కొత్త మనిషి ఉన్నదున్నట్టు రాశాడు. తార్మో దాని కింద సంతకం చేశాడు. ఔతి హాలు చివర నిలబడి చూసింది. వేసవంతా బండి నడిపాడు. మిగతావాళ్లు ముసుగులు వేసుకుని లోపలికి వెళ్తుంటే పంపు దగ్గర నిలబడి ఒత్తిడి చూసేవాడు. జిమ్‌లో రెండొందల దగ్గర పని చేసేవాడు, ఆయాసం లేకుండా. రెయినో బలం పోలేదురా అనేవాడు. కొంత పోయిందని తార్మోకు తెలుసు. ఒక్కోసారి మూడొందలు గుర్తొచ్చి, ఇప్పుడు కూడా ఆశపడుతున్నందుకు సిగ్గుపడేవాడు.

సెప్టెంబర్‌లో మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి గడువు లోపలే గొట్టం చుట్టి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు, గోడకు ఆనుకోలేదు. హాపాలా జంటలు మళ్లీ వేసేముందు ఔతిని పిలిచి అడిగాడు, తార్మోతో వెళ్తావా, ఇంకెవరినైనా వెయ్యమంటావా అని. ఆమె ఒక రోజు గడువు అడిగింది. ఆ రోజంతా తార్మో ఇంట్లో ఏ పనీ చెయ్యలేకపోయాడు. మర్నాడు ఆమె వెళ్తానంది. అతనికి ఆ మాట హాపాలా చెప్పాడు, ఆమె చెప్పలేదు.

ఆ వారం నడకలో ఎన్సియో గారికి ఆ సంగతి చెప్పాడు. ఓడరేవు గట్టు మీద గాలి ఎదురుగా కొడుతోంది. పెద్దాయన కర్ర ఆనించి ఆగాడు.

"అయితే మళ్లీ లోపలికి వెళ్తావన్నమాట."

"పంపిస్తే వెళ్తాను."

"భయంగా లేదూ?"

"ఉంది."

ఎన్సియో గారు ఇంకేదో అనబోయాడుగానీ ఊపిరి అందలేదు. ఛాతీలోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వస్తోంది. తార్మో చెయ్యి అందించాడు. పెద్దాయన ఆ చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. కర్ర మీద బరువు మోపి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క ఊపిరీ లెక్కపెట్టుకున్నట్టు తీసుకున్నాడు. తార్మో ముఖం తిప్పుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. తన ఛాతీ ఏ శ్రమా లేకుండా, నెమ్మదిగా లేస్తూ పడుతూ ఉంది. అది పెద్దాయనకు వినబడుతుందేమోనని ఊపిరి కొంచెం బిగబట్టాడు.

"పద," అన్నాడు ఎన్సియో గారు కాసేపటికి.

ఇద్దరూ నడిచారు.